పొడుగు చేతుల జాకెట్టు

మా వీధిలో గది అద్దెకి అడగడానికి ఎవరైనా వస్తే ముందు కులం అడుగుతారు, తర్వాత చెయ్యి చూస్తారు. ముఖం వంక చూసేది ఆఖర్న.

కాశీబుగ్గ బస్టాండుకీ, డయాలసిస్ చేసే ఆసుపత్రికీ మధ్యలో ఉంటుంది మా వీధి. కూరగాయల బజారు, మందుల షాపులు, జీడిపప్పు ఫ్యాక్టరీలు, అన్నీ నడిచి వెళ్ళే దూరంలోనే ఉన్నాయి. అందుకే ఉద్దానం ఊళ్ళలోని కిడ్నీ రోగులు ఇక్కడ గది కోసం వస్తారు. అందుకే మా వీధి ఇళ్ళవాళ్ళకి చేతులు చూసే అలవాటు పట్టుకుంది. రక్తం శుద్ధి చేయించుకునేవాళ్ళకి ముంజేతి మీద ఆపరేషన్ చేస్తారు. అక్కడ నరం ఉబ్బి, చర్మం కింద తాడు పెట్టి కుట్టినట్టు కనిపిస్తుంది. అది కంటపడిందా, ఇక ఖాళీగా ఉన్న గది కూడా "నిన్ననే ఇచ్చేశాం" అయిపోతుంది. టు లెట్ బోర్డు మాత్రం గేటుకి ఊగుతూనే ఉంటుంది. ఆ బోర్డుల్ని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

నేను ఈ వీధిలోనే ఆడవాళ్ళ బట్టలు కుడతాను. పేరు పావని. నాకు కోపం ఎక్కువని వీధిలో అందరూ అంటారు. అననీ. తవిటమ్మ సంగతి కోపం లేకుండా చెప్పడం నాకు చేతకాదు.

ఆవిడ మొదటిసారి నా షాపుకి వచ్చినప్పుడు ఎండలు ముదిరి ఉన్నాయి. యాభై దాటిన మనిషి, నేత చీర, చేతిలో జాకెట్టు గుడ్డ.

"సేతులు మనికట్టు దాకా కుట్టమ్మా. ఎడం సెయ్యి మాత్రం బాగా వొదులుగా ఉండాల," అంది.

ఈ ఎండల్లో పొడుగు చేతులేమిటి, పల్లెటూరి మనిషి ఈ వయసులో ఈ ఫ్యాషనేమిటి అనుకుంటూ టేపు తీసి ఎడమ ముంజేతికి చుట్టాను. ఆవిడ చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది. అప్పుడు చూశాను, చర్మం కింద ఆ తాడుని.

"అక్కడ బిగుతు పనికిరాదన్నారు డాక్టరు," అని స్టూలు మీద కూలబడింది. "సూసీసినావు కదా. ఇంక కుట్టవేటి?"

"ఎందుకు కుట్టనప్పా," అన్నాను. మా వైపు అక్కని అప్ప అంటాం. నాకు ఆ పిలుపు అప్రయత్నంగా వచ్చేసింది.

అప్పుడు చెప్పింది. పూండి దగ్గర పల్లె వాళ్ళది. కొబ్బరి చెట్లు, కొంచెం జీడితోట. తుపానులో సగం చెట్లు పడిపోయాయి. మొగుడు ఇదే జబ్బుతో పోయాడు. కూతురు అశ్వినిని టెక్కలి ఇచ్చింది. రమ్మని కూతురు పిలుస్తుంది గానీ, అల్లుడి ఇంట్లో మంచం పట్టడం ఈవిడకి ఇష్టం లేదు. ఊరి నుంచి ఆసుపత్రికి షేర్ ఆటోలో వచ్చి వెళ్ళేది. డయాలసిస్ మిషను దగ్గర నుంచి లేచేసరికి కాళ్ళు తేలిపోతుంటాయి, కడుపులో తిప్పుతుంది. ఒకరోజు ఆటోలో వాంతి చేసుకుంటే డ్రైవరు నడిరోడ్డు మీద దించేసి వెళ్ళిపోయాడు. తుమ్మచెట్టు నీడలో కొంగు నెత్తి మీద వేసుకుని సాయంత్రం దాకా కూర్చుందట. అక్కడే అనుకుందట, ఆసుపత్రికి దగ్గరలో గది తీసుకోవాలని.

"ఒకల్లని బతిమాలకండా నా కాళ్ళతో నాను ఎల్లాల, నా కాళ్ళతో నాను రావాల. అంతే సెల్లీ, ఇంకేటీ వొద్దు."

"మరి దొరికిందా?"

"యీదులన్నీ తిరిగినాను. ఒకావిడ మంచిది, కూకోమని మంచినీల్లు ఇచ్చింది. గలాసు అందుకుందామని సెయ్యి సాపినాను. అంతే, మొకం మారిపోనాది. గది నిన్ననే ఇచ్చీసినామంది."

"ఆ నీళ్ళు తాగావా?"

"నాకు నీల్లు కొలతే కదా. ఒక గుక్క తాగీసి గలాసు బోర్లించీసినాను."

నా నోటికి వచ్చిన తిట్లన్నీ తిట్టాను. ఆవిడ నవ్వింది. "కోపం ఎందుకు, జాకెట్టు బేగి కుట్టు," అంది. మర్నాటికే కుట్టి ఇచ్చాను. ఎడమ చెయ్యి లోపల మెత్తటి మల్లు గుడ్డ వేశాను.

ఆ జాకెట్టు వేసుకునే ఆవిడ సూర్యప్రకాశ్ గారి ఇంట్లో గది సంపాదించింది. ఆయన తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. భార్య లక్ష్మీకాంతం, తల్లి కన్నమ్మగారు. వెనక సందులోకి వేరే తలుపున్న ఒంటి గది వాళ్ళది. మూల గ్యాసు గట్టు, గోడకి అలమర, పక్కనే బాత్రూము. ఎంతమంది, ఏ కులమోళ్ళు, నీచు వండుతారా, మొగుడెక్కడ, ఏం పని అని సూర్యప్రకాశ్ గారు ఆఫీసులో అర్జీదారుని అడిగినట్టు అడిగారు. పనేమిటంటే జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పు మీద పొట్టు తీస్తానంది. అబద్ధమేమీ కాదు. డయాలసిస్ లేని రోజుల్లో వెళ్ళి చేసేది.

గదిలో దిగిన రోజు నన్ను పిలిచి చూపించింది. రెండు గిన్నెలు, ఒక చాప, మొగుడి ఫోటో. తలుపు తీసి సందులోకి చూపించి, "ఇలగెల్తే ఆసుపత్రి, అలగెల్తే బజారు," అంది. రాజ్యం ఏలేదానికి కూడా అంత గర్వం ఉండదు. ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు గోడలు పట్టుకుంటూ వచ్చి నా షాపు మెట్టు మీద కాసేపు కూర్చునేది, మళ్ళీ లేచేది. ఎవరైనా చెయ్యి అందించబోతే వద్దనేది. ఊరి నుంచి మరిది కొబ్బరి బొండాలు తెచ్చి పడేస్తే కొట్టించి మాకందరికీ ఇచ్చేది. కొబ్బరినీళ్ళు ఈ జబ్బుకి విషంతో సమానమట. సొంత చెట్టు కాయ మేం తాగుతుంటే గ్లాసుల వంక చూస్తూ, "తియ్యగున్నాయేటి?" అని అడిగేది.

కన్నమ్మగారికి చూపు మందగించింది. వరండాలో కుర్చీ వేసుకుని, వచ్చేపోయే అడుగుల చప్పుడు వింటూ కూర్చునేది. తవిటమ్మ పనిలేనప్పుడు ఆవిడని చెయ్యి పట్టుకుని తులసికోట దాకా, గేటు దాకా తిప్పేది. ఎప్పుడూ కుడిచెయ్యే ఇచ్చేది. ఒకరోజు మెట్టు దగ్గర ముసలావిడ తూలి ఎడమచెయ్యి పట్టుకుంది. ఆపరేషన్ చేసిన చోట రక్తం పరుగెడుతుంటే చెయ్యి వేస్తే జుమ్ముమని తెలుస్తుంది. గుడ్డ పైనుంచి కూడా తెలుస్తుంది.

"ఓలమ్మ, నీ సేతిలో ఏటే అది, జుమ్మంటాంది? తుమ్మెదనేటైనా దాసినావా?" అంది కన్నమ్మగారు గట్టిగా, ముచ్చటపడి.

లోపల్నించి లక్ష్మీకాంతం వచ్చింది. తవిటమ్మ జాకెట్టు చెయ్యి మోచేతి దాకా ఎత్తి చూసింది. నేను ఒక్కో కుట్టూ చూసుకుని వేసిన చెయ్యి అది.

సాయంత్రం సూర్యప్రకాశ్ గారు తవిటమ్మని వరండాలోకి పిలిపించారు. నేనూ వెళ్ళాను. పిలవకపోయినా వెళ్ళాను.

"చూడమ్మా, మాకు జాలి లేక కాదు," అన్నారాయన. "నీది ఎప్పుడేం జరుగుతుందో తెలియని జబ్బు. జరగకూడనిది ఇంట్లో జరిగిందనుకో. ధనిష్ఠా పంచకంలో జరిగిందనుకో. ఇల్లు ఆరు నెలలు మూసుకోవాలి. మేమెక్కడికి పోవాలి చెప్పు?"

మా వైపు ఈ భయం అందరికీ ఉంది. ధనిష్ఠ మొదలు ఆ వరస నక్షత్రాల్లో ప్రాణం పోతే ఆ ఇంట్లో ఎవరూ ఉండకూడదు, ఉంటే ఇంకో ప్రాణం పోతుందంటారు. సొంత మనిషి పోతేనే ఇల్లు వదిలి పోతారు. అద్దెకున్న మనిషి కోసం ఎవరు పోతారు? అందుకే ముందే చేతులు చూసుకుంటారు.

"ఆవిడ మీ ఇంటికి బతకడానికి వచ్చింది, చావడానికి కాదు," అన్నాను.

"పావనీ, నీ మిషను నువ్వు తొక్కుకో," అన్నారాయన.

అప్పుడు కుర్చీలోంచి కన్నమ్మగారు అందుకుంది. "అది ఎల్లిపోతే నన్ను ఎండలోకి ఎవులు తీసుకెల్తార్రా? నీ పెల్లాం తీసుకెల్తాదేటి? అది ఎల్తే నానూ ఎల్తాను."

తల్లి మాట కొట్టెయ్యడానికి ఆయనకి నోరు రాలేదు. కానీ గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది. తవిటమ్మని లోపలికి పిలిచి దేవుడి గూడు ముందు నిలబెట్టారు. ఒంట్లో తేడా చేస్తే ఊరికి వెళ్ళిపోవాలి. ఆసుపత్రిలో ఏదైనా జరిగితే అటునుంచి అటే తీసుకుపోవాలి, ఈ గుమ్మం తొక్కకూడదు. ఆ మాట దేవుడి ముందు చెప్పమన్నారు. తవిటమ్మ చేతులు కట్టుకుని నిలబడి చెప్పింది.

"నా సవం ఈ ఇంటికి రాదు బాబూ."

బతికున్న మనిషి చేత అలా చెప్పించుకున్నారు. చెప్పించుకుని దీపంలో నూనె పోశారు. నేను బయటికి వచ్చేశాను. ఆ రోజు మిషను మీద కూర్చుంటే దారం తెగిపోతూనే ఉంది.

"అలగెందుకు ఒప్పుకున్నావప్పా?" అని మర్నాడు దెబ్బలాడాను.

"గది కావాల కదా," అంది. "సచ్చినాక నాకేటి తెలుత్తాది, ఎటు తీసుకెల్తే ఏటి? నడిసినన్నాల్లు నడవాల. అయినా ఆ మాట నోటితో అంటే నోరు సేదుగా ఉంది సెల్లీ. ఇంకా ఉంది," అంది.

ఆ తర్వాత కన్నమ్మగారికి కొత్త అలవాటు పట్టుకుంది. నడిచేటప్పుడు ఎడమచెయ్యే అడిగేది. ఆ జుమ్ము చేతికి తగులుతుంటే ధైర్యంగా ఉంటుందట. "దీని సెయ్యి బతికున్నాదే," అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. కొడుకు పేపరు అడ్డం పెట్టుకునేవాడు.

మాఘమాసంలో ఒక మధ్యాహ్నం కన్నమ్మగారు కుర్చీలోనే పోయింది. లక్ష్మీకాంతం బజారుకెళ్ళింది, సూర్యప్రకాశ్ గారు పెన్షను పని మీద ఎక్కడికో వెళ్ళారు. దగ్గరున్నది తవిటమ్మ ఒక్కతే. నేను పరుగెత్తుకుని వెళ్ళేసరికి ముసలావిడ వేళ్ళు ఆ పొడుగు చేతి గుడ్డ మీద అలాగే ఉన్నాయి. తవిటమ్మ వాటిని విడిపించుకోకుండా, కొడుకు వచ్చేదాకా అలాగే వంగి నిలబడింది.

పంతులుగారు వచ్చి పంచాంగం చూసి పెదవి విరిచారు. ధనిష్ఠ. ఇల్లు ఆరు నెలలు మూసెయ్యాలి, ఒక్క మనిషి ఉండకూడదు అన్నారు.

కిడ్నీ మనిషి వల్ల మూతపడుతుందని వాళ్ళు భయపడిన ఇల్లు సొంత తల్లి వల్ల మూతపడింది. ఇందులో ఎవరి తప్పూ లేదు. ముసలావిడ నిండా బతికి పోయింది. కానీ పన్నెండో రోజు భోజనాలు కాగానే సూర్యప్రకాశ్ గారు వెనక సందులోకి వచ్చి, తవిటమ్మని రెండు రోజుల్లో గది ఖాళీ చెయ్యమన్నారు.

"నానెక్కడికెల్తాను బాబూ?"

"మేం మాత్రం ఎక్కడికెళ్తున్నాం? శాస్త్రం అలా ఉంది. ఇందులో ఉంటే నీకే ప్రమాదం. పంచకంలో పోయినవాళ్ళు ఇంకొకరిని తీసుకుపోతారంటారు."

తవిటమ్మ పొయ్యి మీద అన్నం గిన్నె దించి, కొంగుతో చేతులు తుడుచుకుని గుమ్మంలో నిలబడింది. ఆవిడకి కోపం రావడం, పక్కనే ఉన్న నేను చూడటం అదే మొదలు.

"మీరంతా ఎప్పుడు పోతాదా అని సూసిన పేనమే కదా బాబూ ఇది. నన్ను తీసుకెల్తే కన్నమ్మగోరే తీసుకెల్లనీ. ఆవిడ సెయ్యి నాకు తెలుసు. నాను ఎల్లను."

ఆయన బెదిరించారు, బతిమాలారు. నా సవం రాదని సెప్పినాను గానీ, బతికుండగా ఎల్తానని సెప్పలేదు కదా అంది. ఇల్లు కూలగొట్టి బయటికి లాగలేరు. చివరికి నీ చావు నువ్వు చావు అని వెళ్ళిపోయారు.

తర్వాత మొగుడూ పెళ్ళాం గది కోసం బయల్దేరారు. అప్పుడు చూడాలి మా వీధిని. పంచకం ఇంట్లోంచి వచ్చే మనుషులకి, ఆ ఇంటి మంచాలూ బీరువాలూ మోసుకొచ్చేవాళ్ళకి ఎవరిస్తారు? ఇన్నేళ్ళుగా పేరంటాలకి పిలుచుకున్నవాళ్ళే గేటు దగ్గర నిలబెట్టి మాట్లాడారు. లక్ష్మీకాంతం నా షాపుకి వచ్చి కుర్చీలో కూలబడింది.

"ఎక్కడా ఇవ్వటం లేదు పావనీ. బోర్డు కళ్ళ ముందే ఉంటాది."

"గది నిన్ననే ఇచ్చేశామన్నారా?" అని అడిగాను.

ఆవిడ తలెత్తి నా వంక చూసింది. "అవును," అంది. కళ్ళంట నీళ్ళు కారాయి. నాకు లోపల చల్లగా అనిపించింది. అనిపించలేదని చెప్పి మంచిదాన్ని అనిపించుకోవాలని లేదు. మంచినీళ్ళు మాత్రం ఇచ్చాను. వాళ్ళు చివరికి ఇచ్ఛాపురంలో ఆవిడ చెల్లెలి ఇంటికి వెళ్ళారు.

పెద్ద ఇంటికి తాళం పడింది. వెనక గదిలో తవిటమ్మ. పాలవాడు సందు మొదట్లోనే సైకిలు ఆపి కేకేసేవాడు. పిల్లల్ని అటు ఆడుకోనివ్వలేదు. ఏ రోజు పోతుందా అని వీధంతా ఎదురుచూసింది. ఎండాకాలం వచ్చింది, ఆవిడ గొడుగు వేసుకుని ఆసుపత్రికి వెళ్ళింది, గోడలు పట్టుకుంటూ వచ్చింది. ఒకటి రెండుసార్లు బాగా నలిగిపోయి అక్కడే వార్డులో ఉండిపోయింది. అప్పుడు వీధిలో గుసగుసలు లేచాయి. రెండోనాడు పొడుగు చేతుల జాకెట్టుతో సందు మొదట్లో మళ్ళీ కనబడేసరికి కొందరి ముఖాలు వాడిపోయాయి. దేవుడా, మనిషి బతికి వస్తే వాడిపోయే ముఖాలు కూడా ఉంటాయా? ఉంటాయి. మా వీధిలో ఉన్నాయి.

ఆవిడ మాత్రం పొద్దున్నే వాళ్ళ వాకిలి కూడా ఊడ్చేది. తులసికి నీళ్ళు పోసేది. ఎందుకప్పా వాళ్ళకి చాకిరీ అంటే, "ఆల్లకి కాదు, ముసిలావిడకి," అనేది. నేను మధ్యాహ్నం క్యారేజీ పట్టుకెళ్ళి ఆ గదిలోనే తినేదాన్ని. నాకూ ఏమీ కాలేదు.

శ్రావణంలో వాళ్ళు తిరిగొచ్చారు. శాంతి చేయించి, ముందుగా ఆవుని గుమ్మం దాటించి ఇంట్లోకి వెళ్ళాలి. ఆవు మెట్టు దగ్గర మొరాయించింది. పంతులుగారు అదిలించారు, సూర్యప్రకాశ్ గారు తోశారు, అది కదల్లేదు. లక్ష్మీకాంతం గుమ్మం అవతలే కొంగు బిగించుకుని నిలబడిపోయింది. చీకటి నిండిన హాలు వంక చూస్తే ఆవిడకి అడుగు పడలేదు. అప్పుడు తవిటమ్మ వచ్చి కుడిచేత్తో పలుపుతాడు అందుకుని, "రాయే తల్లీ," అంటూ తనే ముందు లోపలికి నడిచింది. ఆవు ఆవిడ వెనకే వెళ్ళింది. "రండమ్మా, ఏటీ కాదు. ఇన్నాల్లూ నానున్నాను కదా," అంది లోపల్నుంచి.

హోమం అయింది. భోజనాలు వడ్డించారు. తవిటమ్మని కూడా కూర్చోబెట్టారు. నాకు కాస్త మనసు మెత్తబడింది కూడా. అంతలో సూర్యప్రకాశ్ గారు నెయ్యి కలుపుకుంటూ మామూలుగా అన్నారు.

"తవిటమ్మా, ఇల్లు శుద్ధి అయిపోయింది. గదిలో ఉండు, మాకేం అభ్యంతరం లేదు. మన పాత మాట మాత్రం గుర్తుంది కదా?"

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆకు మీద విసిరికొట్టి లేద్దామనుకున్నాను. తవిటమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది. ఆయన వంక తిన్నగా చూసింది. గొంతు పెంచలేదు.

"మీయమ్మ సావుతో నాను ఆరు నెల్లు కాపురం సేసినాను బాబూ. నా సావుతో మీరు ఒక్క పూట ఉండలేరేటి?"

పంతులుగారు విస్తరిలోకి చూసుకున్నారు. లక్ష్మీకాంతం గరిటె పట్టుకుని అలాగే నిలబడింది.

"ఆ మాట నాను ఎనక్కి తీసీసుకున్నాను. దేవుడి ముందు సెప్పినాను కదా, దేవుడి ముందే తీసుకుంతన్నాను. నాను పోతే నా గదిలోనే పడుకోబెడతారు. నా కూతురు వొచ్చేదాకా ఉంతాను. ఇట్టం నేకపోతే ఇప్పుడే సెప్పండి." అని అన్నం కలుపుకుంది.

ఆయన సరే అనలేదు, కాదనీ అనలేదు. ఈ రోజు వరకూ అనలేదు. ఇన్నాళ్ళూ ఖాళీ చెయ్యమని కూడా అనలేదు. అనమనండి, మిషను వదిలేసి నేను వెళ్ళి కూర్చుంటాను ఆ గుమ్మంలో.

ఆ మర్నాడు తవిటమ్మ కొత్త జాకెట్టు గుడ్డ తెచ్చి నా బల్ల మీద పెట్టింది. అలవాటుగా టేపు తీసి మణికట్టు దాకా కొలవబోయాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని టేపుని మోచేతి పైకి జరిపింది.

"ఈసారి పొట్టి సేతులే కుట్టు సెల్లీ. సూసినోల్లని సూడనీ," అంది.